కంప పెట్టిన ఇల్లు

కోడేరు దగ్గర ఒక ఊళ్లో నేను అంగన్‌వాడీ టీచర్‌ని. ఓటర్ల జాబితా సరిచూసే పని కూడా నా నెత్తినే పెట్టారు. లోక్‌సభ ఎన్నికల రోజు మా బూత్‌కి విదేశీ అతిథులు వచ్చారు. ఏదో అంతర్జాతీయ సంస్థ పంపిన పరిశీలకులు. వాళ్లు దేన్నీ ఆపరు, ఎవరినీ ఏమీ అనరు, చూసి రాసుకుంటారంతే. చూస్తే మేమేమైనా అరిగిపోతామా అనుకున్నాను.

వాళ్లు వరండాలో ఉండగానే నాకు పెద్దమ్మ వరసయ్యే ఒకామె చంకలో సంచితో వచ్చింది. ముంబైలో మట్టిపనికి పోయిన మనిషి, ఓటు కోసమే బస్సెక్కి వచ్చింది. జాబితాలో ఆమె పేరు ఎదుట ‘ఊరు వదిలి వెళ్లిపోయారు’ అని ఉంది. రాసింది నేనే.

“నేను ఊరిడిసి పోయిన్నా? ఎవరన్నరే గట్ల?” అంది.

సర్వేకి వెళ్లినప్పుడు ఆ ఇంటికి తాళం ఉంది, గడపకి అడ్డంగా ముళ్లకంప ఉంది. పశువులు చొరబడకుండా కంప పెట్టి పోయారంటే తిరిగి వస్తారని మా ఊళ్లో పసిపిల్లలకీ తెలుసు. నాకూ తెలుసు. ఎండకి విసుగొచ్చి రాసి పారేశాను. ఇప్పుడు సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

“జర ఆగమనమ్మా, గెస్టులు పోయినంక చూద్దం,” అన్నాడు జాబితా పనిలో నా పై అధికారి, నా చెవిలో. నాకు ఒళ్లు మండింది.

“తప్పు నాది సార్. వాళ్ల ముందల్నే సరిజేద్దం,” అన్నాను, గట్టిగానే.

లోపల ప్రిసైడింగ్ అధికారి ఆమె కార్డు చూసి పార్టీల ఏజెంట్లను అడిగాడు. పొద్దున్నుంచీ ఒకరి మొహం ఒకరు చూసుకోని ముగ్గురూ “మా ఊరామెనే సార్” అన్నారు. వేలిముద్ర తీసుకుని ఓటు వేయనిచ్చారు.

అతిథుల్లో ఒకావిడ దుబాసీ ద్వారా నాతో మాట్లాడింది. యుద్ధం అయ్యాక వాళ్ల దేశంలో బయటి సైన్యాలు కాపలా కాస్తేనే ఓట్లు పడ్డాయట. మా బూత్‌కి ఉన్నది ఒక్క కానిస్టేబుల్, అతను ముసలివాళ్లను చెయ్యి పట్టి మెట్లెక్కిస్తున్నాడు. అది చూసి నాకు గర్వమే కలిగింది, అబద్ధమెందుకు.

పెద్దమ్మ సిరా వేలితో బయటికొచ్చింది. “ఈళ్లెవరే?”

“మనం ఓటు ఎట్లేస్తమో చూడనీకె వచ్చిండ్రు పెద్దమ్మా.”

ఆమె వేలెత్తి వాళ్లకు చూపించింది. అదే వేలు నా వైపు తిప్పింది.

“ఈళ్లు చూసి పోతరు. నువ్వు జూడు మంచిగ. రేపు మల్ల కంప పెట్టి పోతున్న.”