అన్న ఇంటి గృహప్రవేశం క్యాసెట్

కంప్యూటర్లంటే నాకు గౌరవం లేదు, భయమూ లేదు. లెక్కల ట్యూషన్లు చెప్పుకుని బతికినవాణ్ణి. తప్పు ఎక్కడుందో వెతికి పట్టుకోవడమే నా పని. అందుకని మా కాలనీలో ఎవరింట్లో యంత్రం మొరాయించినా నాకే కబురొస్తుంది. వెళ్తాను, విసుక్కుంటాను, బాగుచేస్తాను. ఆ ఆదివారం పొద్దున అన్న ఫోన్ చేసినప్పుడు కూడా విసుక్కుంటూనే చెప్పులేసుకున్నాను.

అన్న నా తోడబుట్టినవాడు కాదు. కృష్ణా జిల్లా నుంచి కుర్రాడిగా దిల్‌సుఖ్‌నగర్ వచ్చినప్పుడు నాకు గది కిరాయికిచ్చిన మనిషి. వాళ్లది ఇక్కడి పాత ఊళ్లో వ్యవసాయం చేసుకునే కుటుంబం. ఎల్బీనగర్ వైపు వాళ్ల జొన్నచేలు అప్పుడప్పుడే ప్లాట్లవుతున్నాయి. ఎటు చూసినా సున్నం కొట్టిన హద్దురాళ్లు, ఇసుక కుప్పలు, ముహూర్తం ఉన్నప్పుడల్లా ఏదో ఒక ఇంట్లో గృహప్రవేశం. అన్నదమ్ములందరూ లారీలు కొనుక్కుంటే, ఈయన మాత్రం భుజం మీద మోసే వీడియో కెమెరా కొన్నాడు. కొడుక్కి పిచ్చి పట్టిందని వాళ్ల నాన్న చాలాకాలం పలకలేదు. కానీ ఆ కెమెరాకి తీరిక ఉండేది కాదు. ఈ చుట్టుపక్కల కాలనీల్లో పాలు పొంగిన ఇళ్లలో చాలావాటిని అన్నే తీశాడు.

తీసిన క్యాసెట్‌ని ఇంటికి తెచ్చి, మధ్యగదిలో రెండు వీసీఆర్‌లు పక్కపక్కన పెట్టి ఎడిటింగ్ చేసేవాడు. అసలు శబ్దం మొత్తం తీసేసి, దానిమీద సన్నాయి మేళమూ సినిమా పాటలూ ఎక్కించడం అప్పటి పద్ధతి. గిన్నెల మోత, పిల్లల ఏడుపు, పంతులుగారి దగ్గు ఎవరిక్కావాలి? పాట ఎక్కడ మొదలవ్వాలో, పాలు ఎక్కడ పొంగాలో రెండూ కలిసేలా కుదర్చడంలో అన్నకి మంచి పేరుండేది. ఆ పని అయ్యాక కెమెరా క్యాసెట్‌ని చెరిపి మళ్లీ తర్వాతి ముహూర్తానికి వాడేవాడు. అందరూ అంతే చేసేవారు.

ఆరోజు నేను వెళ్లేసరికి అన్న కంప్యూటర్ ముందు కుర్చీలో ఉన్నాడు. తెరకి ముక్కు ఆనించినంత దగ్గరగా ఉంది మొహం. చక్కెర జబ్బు కళ్లలోకి దిగి చాలాకాలమైంది. కుడికన్ను అప్పటికే పోయింది. ఎడమకంట్లో కూడా రక్తం ఊరుతోందని, ఎప్పుడు పోతుందో చెప్పలేమని దవాఖానలో చెప్పి పంపించారు.

"సారూ, మీ వదినను ఒక్కసారి సూడాలె. గీ కన్నున్నప్పుడే సూడాలె" అన్నాడు.

వదిన పోయేనాటికి వాళ్ల బాబుకి ఇంకా ఊహ తెలియదు. ఫోన్లలో వీడియోలు తీసుకునే కాలం కాదది. ఊళ్లో వాళ్ల పెళ్లాలందరినీ తీసిన మనిషి తన పెళ్లాం నడుస్తుంటే తీసింది ఒక్కసారే, సొంత ఇంటి గృహప్రవేశం నాడు. అదీ ఆయన తీయలేదు. పీటల మీద కూర్చోవాలి గదా, కెమెరా నా భుజాన పెట్టాడు. ఆ క్యాసెట్ తర్వాత బూజు పట్టింది. పూర్తిగా పాడవకముందే దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించి, అప్పటికి తను పెట్టుకున్న స్టూడియో వీడియోలన్నిటితో పాటు నెట్‌వర్క్‌కి తగిలించే ఒక నల్ల పెట్టెలో దాచాడు. ఆ పెట్టెకి తెర ఉండదు, మీటలుండవు. కంప్యూటర్ వెళ్లి అడిగితేనే లోపలున్నది ఇస్తుంది. స్టూడియో మూసేశాక దాన్ని ఎవరూ ఏదీ అడగలేదు. ఈలోగా వాళ్ల బాబు కొత్త కంప్యూటర్ కొన్నాడు, కొత్త ఇంటర్నెట్ కనెక్షన్ పెట్టించాడు. ఇప్పుడు అడుగుదామంటే కంప్యూటర్‌కి ఆ పెట్టె జాడే దొరకడం లేదు.

పెట్టె బతికే ఉంది. పచ్చ దీపాలు వెలుగుతున్నాయి, లోపల డిస్కు గరగరమంటోంది. కేబుల్ మార్చి చూశాను. లాభం లేదు. కాసేపటికి విషయం అర్థమైంది. ఇంట్లోని యంత్రాలన్నిటికీ చిరునామాలు పంచేది రౌటర్. పాత రౌటర్ పోయి కొత్తది రావడంతో అన్నిటి చిరునామాలూ మారిపోయాయి. ఈ పెట్టెకి మాత్రం అన్న అప్పట్లోనే ఒక చిరునామా ఖాయం చేసి పెట్టాడు, అది పాత చోటే కూర్చుంది. ముందు అంకెలు పాత రౌటర్ డబ్బా మీద ఉన్నాయి. చివరి సంఖ్యేమిటో తెలిస్తే, కంప్యూటర్‌ని కూడా కాసేపు అక్కడికి తీసుకుపోయి పెట్టెని పిలవొచ్చు.

"చివర ఎంత పెట్టావన్నా?"

"యాదికి లేదు."

వాళ్ల బాబు ప్లాట్ల వ్యాపారం చేస్తాడు. ఫోన్ చెవికి పెట్టుకునే లోపలికొచ్చాడు. "ఎన్క రీసెట్ బటన్ ఉంది గదా అంకుల్, ఒత్తున్రి. అయితే అయితది, లేకుంటే పడేద్దాం. గా డబ్బాతోని ఏం పనుంది?" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. ఆ బటన్ గట్టిగా ఒత్తిపడితే లోపలున్నది కూడా తుడిచిపెట్టుకుపోయే రకం పెట్టెలుంటాయి. ఇది ఏ రకమో నాకు తెలియదు. ఒత్తనన్నాను. అందులో ఉన్నది వాళ్లమ్మ అని నోటిదాకా వచ్చింది గానీ, అమ్మ మొహమే గుర్తులేనివాడితో ఏం మాట్లాడతాం?

మర్నాడు అన్నే ఫోన్ చేశాడు. "సారూ, ఎంతనో యాదికి లేదు గని, తొమ్మిది మాత్రం ఒస్తది."

నవ్వొచ్చింది. నాకెందుకు తట్టలేదో! అన్న స్కూటర్ నంబరు కూడితే తొమ్మిది, ఫోన్ నంబరు కూడితే తొమ్మిది. స్టూడియో తలుపు మీది నంబరు తొమ్మిదికి రాలేదని పక్కన చిన్నగా 'ఏ' అని రాయించుకుని, దానికీ ఒక విలువ కట్టుకున్న మనిషి. కంప్యూటర్ పెట్టె చిరునామాకి కూడా జాతకం చూసే మనిషిని ఈ ఊళ్లోనే చూడాలి. వెళ్లి కంప్యూటర్‌ని పాత చోటికి మార్చి, ఆదేశాలు టైపు చేసే నల్లతెర తెరిచి, చివర తొమ్మిది, పద్దెనిమిది, ఇరవై ఏడు అంటూ ఒక్కొక్క తలుపే కొట్టుకుంటూ పోయాను. ఎవరూ పలకలేదు. నూట ఎనిమిది దగ్గర జవాబొచ్చింది.

"నూట ఎనిమిది! మా నాయన జపమాల లెక్క. మంచి నంబర్ గదా సారూ?"

"అంబులెన్స్ నంబరన్నా అది" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

పెట్టె పలికింది గానీ తలుపు తీయలేదు. ఇది పాత పద్ధతిలో మాట్లాడే యంత్రమని, ఆ పద్ధతి ప్రమాదకరమని, అందుకే తను మాట్లాడనని కొత్త కంప్యూటర్ తెరమీద రాసి చూపించింది. పాతవాళ్లతో మాట్లాడితే పరువు పోతుందనుకునే వాళ్లని ఈ కాలనీల్లో చాలామందినే చూశాను. సెట్టింగ్స్‌లో వెతికి, మూల దాచిపెట్టిన పాత పద్ధతికి టిక్కు పెట్టాను. ఒకసారి ఆపి మళ్లీ మొదలుపెట్టమంది. సరేనని నొక్కాను.

అంతే. మధ్యలో తిరిగే చక్రంతో నీలం తెర వచ్చి కూర్చుంది. అప్‌డేట్లు ఎక్కుతున్నాయట, కంప్యూటర్ ఆపవద్దట. మధ్యాహ్నమైంది. బాబు భార్య అన్నం పెట్టింది. తిన్నాం. అన్న తెరవంకే చూస్తూ కూర్చున్నాడు, నీలం తప్ప అందులో చూడ్డానికేమీ లేకపోయినా. దీపాలు పెట్టే వేళకి కూడా ఆ చక్రం తిరుగుతూనే ఉంది. "రేపు సూద్దాం తియ్ సారూ, నడుం గుంజుతుంది" అని అన్న మంచమెక్కాడు. నేను ఇంటికొచ్చేశాను.

తెల్లవారి బాబు ఫోన్ చేశాడు. గొంతులో వ్యాపారం లేదు. "అంకుల్, నాయన లేచి లైటెందుకు ఎయ్యలేదని అడుగుతుండు."

బయట ఎండ కాస్తోంది.

దవాఖానలో ఏవేవో చేశారు. కంటి లోపలంతా రక్తం నిండి వెనక పొర ఊడిపోయిందని, ఇక చూపు రాదని అన్నారు. అన్న ఇంటికి తిరిగొచ్చాక చూడ్డానికి పోకుండా రెండు రోజులు దాటేశాను. ఆ నీలం చక్రం మీద నాకున్న కోపం ఇంతా అంతా కాదు. యంత్రం మీద కోపగించుకోవడం తెలివితక్కువని తెలుసు. అయినా దాన్ని ఎత్తి మూసీలో పారేద్దామనిపించింది.

నేను గదిలోకి అడుగుపెట్టగానే అడుగుల చప్పుడు పోల్చుకున్నాడు. "సారూ, గా పెట్టె తెరిసినవా?"

"ఇప్పుడెందుకన్నా?"

"నాకు కానొస్తలేదు గని ఆమె మాట ఇనొచ్చు గదా. ఆమె గొంతు ఎట్లుంటుండెనో మర్సిపోయిన. జర తెరువు."

తెరిచాను. ఈసారి కంప్యూటర్ కిమ్మనలేదు. పాస్‌వర్డ్ అడిగితే అన్న చెప్పాడు, స్టూడియో పేరే. ఫోల్డర్లు వరసగా వచ్చాయి. వాటిలో 'మన ఇల్లు' అని ఉంది. నొక్కాను. సన్నాయి మొదలైంది. అన్న కుర్చీ ముందుకి జరుపుకుని స్పీకర్ దగ్గర చెవి పెట్టాడు.

"ఏం కానొస్తుంది, చెప్పు."

"గుమ్మం. మామిడాకులు. ఆవు లోపలికి రానని మొండికేస్తోంది."

"అవ్, మా చిన్నాయన దాని తోక మెలేసిండు" అన్నాడు. మొహం కాస్త విచ్చుకుంది. "ఆమె ఏడుంది?"

"ఆవు వెనకే. ఆకుపచ్చ చీర, ఎర్ర అంచు. బాబు చంకలో ఉన్నాడు."

తల ఊపాడు. పాలు పొంగాయి. సరిగ్గా అక్కడే సన్నాయి ఆగి, ఆరోజుల్లో ఏ గృహప్రవేశానికైనా వేసే సినిమా పాట అందుకుంది. వదిన పొయ్యి దగ్గర్నుంచి లేచి, కొంగుతో మెడ తుడుచుకుంటూ నేరుగా కెమెరా ముందుకొచ్చింది.

"దగ్గరకొచ్చిందన్నా. నవ్వుతోంది. ఏదో చెబుతోంది."

"పాట తగ్గించు సారూ. ఆమె మాట ఇనపడ్తలేదు."

మౌస్ మీదికి పోయిన చెయ్యి వెనక్కి తీసుకున్నాను. పాట చరణంలోకి పోయింది. అన్న చెయ్యి మెల్లగా లేచి నుదుటి మీదకి వెళ్లింది.

"నేనే తీసేసిన గదా" అన్నాడు.

ఎవరి పాపమూ కాదది. అందరిళ్లకీ చేసినట్టే తనింటికీ చేసుకున్నాడు. పాట ఎక్కడ మొదలవ్వాలో అక్కడే మొదలైంది, చాలా బాగా కుదిరింది.

"నువ్వు ఆడనే ఉన్నవ్ గదా సారూ, కెమెరా పట్టుకొని. నీతోనే గదా అన్నది. ఏమన్నది?"

వెనక్కి జరిపి మళ్లీ చూశాను. పెదాలు చూశాను. ఇంకోసారి చూశాను. కెమెరా బరువు గుర్తుంది, భుజం నొప్పి గుర్తుంది, కట్టెపొగకి కళ్లు మండడం గుర్తుంది. ఆమె మాట గుర్తులేదు. తిన్నావా అని అడిగిందేమో, ఇక చాలు ఆపమందేమో. ఏదో ఒకటి చెప్పేయొచ్చు, ఆయనెలాగూ చూడలేడు. కానీ ఆ గుడ్డికళ్లు నావైపే తిరిగి ఉన్నాయి. అబద్ధం చెప్పడానికి నాకు చేతకాలేదు.

"గుర్తులేదన్నా" అన్నాను. ఏడుపొచ్చింది. ఆయనకి వినపడకుండా ఏడవడం కుదరలేదు.

కుర్చీ చేతులు తడుముకుని వెనక్కి వాలాడు. తర్వాత, "గా పాట బంద్ చెయ్" అన్నాడు.

శబ్దం ఆపేశాను, బొమ్మ నడవనిచ్చాను. పెట్టెలో డిస్కు గరగర మాత్రం మిగిలింది.

"ఇంకా మాట్లాడ్తుందా?"

"మాట్లాడుతోంది" అన్నాను.