ఉప్పలగుప్తంలో హైడ్రోజన్‌కి హారతి

ముందే చెబుతున్నాను, నేను చెప్పే కొలతల్లో సగం కోసేసి నమ్మండి. మూడేళ్ల కిందట, స్వచ్ఛంద విరమణకు కాస్త ముందు, ఒక గ్యాసు సంస్థలో సేఫ్టీ విభాగం డిప్యూటీ మేనేజరునైన నాకు ఉప్పలగుప్తం దగ్గర ఒక రొయ్యల చెరువు గట్టు మీద డ్యూటీ వేశారు.

ఎండ నుంచి తీసిన కరెంటుతో నీటిని విడగొట్టి, వచ్చిన హైడ్రోజన్‌ను సిలిండర్లలో దాచాలి. లైను కరెంటు పోయినప్పుడు ఫ్యూయల్ సెల్ అనే పెట్టె దాన్ని మళ్లీ కరెంటుగా మార్చి, చెరువు నీటిని చిలికే ఏరేటర్లను తిప్పుతుంది. పొగ రాదు, వచ్చేది నీరే. చిక్కల్లా ఆ వాయువు స్వభావంతోనే. కనిపించదు, వాసన రాదు, దోమ ఊపిరంత సందు దొరికితే జారుకుంటుంది. అంటుకుంటే పగటిపూట మంట కూడా సరిగా కనపడదు. అందుకని ‘నిప్పు నిషేధం’ అని ఏనుగంత అక్షరాలతో బోర్డు రాయించాను. సఖినేటిపల్లి రేవులో పడవ ఎక్కేవాళ్లు కూడా చదువుకునేవారు.

ప్రారంభోత్సవానికి ముహూర్తం కుదరకముందే, ఒక మబ్బు మధ్యాహ్నం లైను తెగింది. చెరువు యజమాని సత్తిబాబు గారి జనరేటరు రిపేరుకని అమలాపురంలో ఉంది. పట్టుబడికొచ్చిన రొయ్యలు ఊపిరాడక పైకి తేలడం మొదలెట్టాయి. ఇంకాసేపు అలాగే ఉంటే పంటంతా పోతుంది.

నేను వాల్వు మీద చెయ్యి వేసేసరికి ఆయన తల్లి మంగాయమ్మ గారు కొబ్బరికాయ, కర్పూరం ఉన్న పళ్లెంతో ప్రత్యక్షమయ్యారు.

“కొత్త మిషనండీ. హారతివ్వకుండా తిప్పేత్తారేంటండీ?”

“మామ్మగారూ, ఇక్కడ అగ్గిపుల్ల గీస్తే ముందు మనకే హారతి.”

“అమ్మా, రొయ్యలు చచ్చిపోతన్నాయే,” అన్నారు సత్తిబాబు గారు.

“అందుకే కదరా వేగిరం కానిమ్మంటన్నాను.”

వాదించే వ్యవధి లేదు. నిప్పు ఎంత దూరంలో ఉండాలో మా నిబంధనల్లో ఉంది గానీ, ఆ దూరం నుంచి హారతివ్వకూడదని లేదు. గాలివాటం చూసి, ఆవిడను అవతలి గట్టుకు వెళ్లమన్నాను.

“అక్కణ్నించిత్తే చేరుద్దాండీ?”

“ఇక్కణ్నించి పెట్టే దణ్ణం తిరుపతి కొండకి చేరట్లేదాండీ?”

“ఆయ్,” అని కదిలారు.

అవతల కర్పూరం వెలిగింది, ఇవతల వాల్వు తెరుచుకుంది. ఏరేటర్లు గోదావరి వరదలా హోరెత్తాయి. రొయ్యలు కిందికి దిగాయి. కరెంటు వచ్చేదాకా హైడ్రోజనే చెరువును నిలబెట్టింది.

నేను నేర్చుకున్నదేమంటే, భద్రతా దూరం గీసేటప్పుడు పైపులతోపాటు పూజ ఎక్కడ జరుగుతుందో కూడా ప్లానులో గుర్తించాలి. విరమణలోపు చూసిన ఒకటి రెండు సైట్లలోనూ అలాగే గుర్తించాను.

ఇక పూర్తిగా కల్పించింది ఒక్కటే. కరెంటు వచ్చేదాకా హైడ్రోజనే నిలబెట్టిందన్నది. నిజానికి అంతసేపు సరిపోలేదు. కరెంటును హైడ్రోజన్ చేసి మళ్లీ కరెంటు చేసేసరికి సగానికి పైగా దారిలోనే పోతుంది. మా సిలిండర్లు ముందే ఖాళీ అయ్యాయి. ఆ లోపు సత్తిబాబు గారు పక్క చెరువువారి డీజిల్ ఇంజను తెచ్చి తగిలించారు. అది వచ్చేంతవరకూ రొయ్యల్ని బతికించింది మాత్రం హైడ్రోజనే.