దెయ్యం వేళ్లలో ఉప్పు

మా వీధిలో పిన్ని గురించి ఒక మాట తిరుగుతోంది. ఆవిడ పిండి రుచి చూడదట. ముద్దను ఒక్కసారి కళ్లతో చూస్తే చాలు, ఉప్పు చాలిందో లేదో చెప్పేస్తుందట. ఈ మాట పుట్టించింది ఓవెన్ బాబాయి. ట్రేలు లోపలికి తోయడం, కాలాక బయటికి లాగడం ఆయన పని. అవి కాలేలోపు చేతులు ఖాళీ కాబట్టి నోటికి పని చెబుతాడు. వీధి చివర టీ కొట్టు చేరేసరికి ఆ మాట ఇంకా పెరిగింది. పిన్ని గిన్నె మూత తీయకుండానే కారం ఎంతుందో చెబుతుందని అక్కడ ఒకాయన నాకే చెప్పాడు, నేను ఆవిడ పక్కనే పనిచేస్తానని తెలియక.

పిన్ని మాలో ఎవరికీ చుట్టం కాదు, అందరికీ పిన్నే. యాభై దాటాయి. పార్టీలకు కారపు చిరుతిళ్లు చేసి పంపే దుకాణం మాది. ముందు గదిలో కౌంటరు, వెనక వంటగది, రెండింటికీ మధ్య అట్టపెట్టెలు మడిచే చిన్న గది. ఆ చిన్న గది నాది. తొమ్మిదో తరగతి సగంలో బడి మానేసి ఇక్కడ చేరాను. ఎక్కువ మాట్లాడను. నోట్లో నాలుక లేని పిల్ల అని దుకాణం నడిపే మేడమ్ నన్ను చూపించి అంటూ ఉంటుంది.

రెండేళ్ల కిందట పిన్నికి పది రోజులు జ్వరం వచ్చింది. తగ్గి పనిలోకి వచ్చిన వారంలోనే ఒకరోజు పొయ్యి మీద పాలు మాడాయి. ఆ కంపుకి బాబాయి దగ్గుకుంటూ వీధిలోకి పోయాడు. పిన్ని మాత్రం ఆ గిన్నె పక్కనే నిలబడి ఉల్లిపాయలు తరుగుతూ ఉంది. మర్నాడు మిరియాల పొడి రెండుసార్లు వేసింది, రెండుసార్లూ వేలు నాకి చూసుకుని మరీ. నాకు అర్థమైంది.

పిన్నికి ముందు ఇక్కడ చేసినావిడను రెండుసార్లు రుచి తప్పిందని మేడమ్ ఒక్క పూటలో పంపేసింది. పిన్ని ఇంట్లో మంచం దిగలేని అక్క ఉంది. ఇద్దరికీ ఈ పనే ఆధారం. అందుకని ఆ సాయంత్రం పిన్ని చేతులు కడుక్కోవడానికి వెళ్లినప్పుడు పిండి చిటికెడు నోట్లో వేసుకున్నాను. ఉప్పు చాలలేదు. ఉప్పు డబ్బా తీసి గిన్నెకు ఎడమ పక్కన పెట్టాను. ఆవిడ వచ్చి డబ్బాను చూసింది, నన్ను చూసింది, అర చెంచా ఉప్పు వేసి కలిపింది. నేను మళ్లీ చూసి డబ్బాను కుడి పక్కకు మార్చాను. అంతే. ఎడమన ఉంటే ఇంకా వెయ్యాలి, కుడిన ఉంటే చాలు. రెండేళ్లలో దీని గురించి మేమిద్దరం ఒక్క మాట అనుకోలేదు.

మొన్న శనివారం ఒక పుట్టినరోజుకి ఆర్డరు వచ్చింది. పదేళ్ల పిల్ల, తీపి ముట్టదు, దెయ్యాల పార్టీ కావాలని పట్టుబట్టింది. అన్నీ కారంగా ఉండాలి, చూస్తే భయం వెయ్యాలి. పిన్నికి ఇలాంటి పని ఇష్టం. ఉడికిన గుడ్లను సగానికి కోసి, పచ్చసొన మీద ఆలివ్ ముక్క అతికించి కనుగుడ్లు చేసింది. చిన్న బన్నుల మీద నల్ల ఆలివ్‌లను సన్నగా కోసి ఎనిమిదేసి కాళ్లతో సాలీళ్లను కూర్చోబెట్టింది. నల్ల నువ్వులు నూరి కలిపిన పిండితో గబ్బిలాలు కత్తిరించింది. బంగాళాదుంప ముక్కలకు పిండి పట్టీలు చుట్టి, రెండు మిరియాలు కళ్లుగా గుచ్చి, కట్లు కట్టిన శవాల్లా ట్రేలో పడుకోబెట్టింది. అది చూసి బాబాయి, ఇవి తనకంటే ఆరోగ్యంగా ఉన్నాయన్నాడు.

అన్నిటికంటే ముఖ్యమైనవి దెయ్యం వేళ్లు. చీజ్ కలిపిన పిండిని వేలి మందాన పాములా చేసి, కణుపుల దగ్గర నొక్కి, చాకుతో గీతలు పెట్టి, కొసన బాదం పప్పు గోరులా గుచ్చాలి. పిన్ని చేసిన వేళ్లు కొంచెం వంకరగా, ఎవరినో పిలుస్తున్నట్టు ఉంటాయి. అరవై కావాలి. ఆ పిండి రుచి చూశాను, సరిపోయింది. డబ్బా కుడిన పెట్టి నల్ల రిబ్బన్లు కట్టడానికి నా గదిలోకి వెళ్లాను.

నేనలా వెళ్లగానే, పుట్టినరోజు పిల్ల తల్లి వంటకాలు చూడటానికి వస్తోందని మేడమ్ కబురు పెట్టింది. బల్ల శుభ్రం చెయ్యమంది. బాబాయి బల్ల తుడిచాడు. తుడిచి, డబ్బాలన్నీ చక్కగా ఒక వరసలో సర్దాడు, ఎడమ పక్కన.

పిన్ని తన అక్క మందుల గురించి ఫోనులో మాట్లాడి వచ్చింది. డబ్బా ఎడమన ఉంది. ఉప్పు వేసి కలిపింది. చేతులు కడుక్కుని వచ్చి చూసింది, ఇంకా ఎడమనే ఉంది. ఆ సందులో నేను వచ్చి మళ్లీ రుచి చూసే ఉంటాననుకుంది. మళ్లీ వేసింది. చీజ్ మారినట్టుంది, ఉప్పు పట్టడం లేదు అని బాబాయితో అందట కూడా. మూడోసారి వేశాక డబ్బా మొహం చూడటం మానేసి వేళ్లు చెయ్యడం మొదలుపెట్టింది.

నేను మిగతా వేళ్లకు బాదం గోళ్లు గుచ్చడానికి వచ్చేసరికి మొదటి ట్రే ఓవెన్ నుంచి బయటికొచ్చి చల్లారుతోంది. చేతికంటిన పిండిని అలవాటుగా నాకాను. నాలుక ముడుచుకుపోయింది. వెంటనే డబ్బాను కుడి పక్కకు, బల్ల చివరి దాకా జరిపాను. పిన్ని తల వంచుకుని కణుపులు నొక్కుతోంది. దగ్గాను. తలెత్తలేదు. ఇంతలో మేడమ్, ఆ తల్లి లోపలికి వచ్చారు.

ఆవిడ కనుగుడ్లను చూసి నవ్వింది, గబ్బిలాలను చూసి నవ్వింది, వేళ్ల దగ్గర ఆగి, ఇవి మా అత్తగారి వేళ్లలాగే ఉన్నాయంది. మేడమ్ మురిసిపోయి, మా పిన్ని రుచి కూడా చూడదండీ, అంతా చూపుతోనే అని మొదలుపెట్టింది. ఆవిడ ఒక వేలు తీసుకుంది.

"తినకండి," అన్నాను. "ఉప్పు ఎక్కువైంది."

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. అందరూ నా వైపు తిరిగారు. బాబాయి ఒక వేలు విరిచి నోట్లో వేసుకుని, నేరుగా కుళాయి దగ్గరికి నడిచాడు. మేడమ్ మొహం మారిపోయింది.

"పెట్టెలు మడవమంటే నిన్ను బల్ల దగ్గరికి ఎవరు రమ్మన్నారే? పిండిలో నువ్వు చెయ్యి పెట్టావా?"

నేను తల దించుకున్నాను. అవునని తప్పు నా మీద వేసుకుంటే సరిపోతుందని తోచింది. పిన్ని బల్ల చివరనున్న డబ్బాను చూసింది. బాబాయి సర్దిన వరసను చూసింది. పిండి చేతులు కొంగుకి తుడుచుకుంది.

"దాన్నేమీ అనకండమ్మా. వేసింది నేనే. నాకు రుచి తెలియదు. జ్వరం వచ్చి పోయినప్పటి నుంచీ, రెండేళ్లయింది."

"మరి ఈ రెండేళ్లూ?" అంది మేడమ్.

పిన్ని గడ్డంతో నన్ను చూపించింది.

మేడమ్ ఏమంటుందోనని చూశాను. ముందు మాట్లాడింది ఆ తల్లే. పార్టీ ఆరు గంటలకని, అప్పటికి వేళ్లు వస్తాయో రావో చెప్పమని అడిగింది. పిన్ని గడియారం చూసింది. రెండున్నర.

"వస్తాయి. ఇది పక్కన నిలబడితే వస్తాయి."

ఉప్పు లేకుండా ఇంకో ముద్ద కలిపి, పాతదానిలోంచి కొంచెం కొంచెంగా తెంచి అందులో వేసి పిసికింది. నేను మేడమ్ కళ్లెదుటే రుచి చూశాను. మొదటిసారి డబ్బా ముట్టుకోకుండా నోటితో చెప్పాను: ఇంకొంచెం వెయ్యి పిన్నీ, ఇంకొంచెం, ఇక చాలు. అయిదింటికి అరవై వేళ్లు పెట్టెల్లో ఉన్నాయి. మిగిలిన పిండితో చేసినవి కౌంటరు మీద పెడితే చీకటి పడకముందే అయిపోయాయి.

వెళ్లేముందు పిన్ని తన ఏప్రన్ మడిచి కౌంటరు మీద పెట్టింది, ఇక రావద్దంటే ఇచ్చేసి పోవడానికి. మేడమ్ దాన్ని చూసి, ఉతకాల్సింది ఇక్కడెందుకు పెట్టావు, సోమవారం తెచ్చుకో అంది. నన్ను పిలిచి, సోమవారం నుంచి ఓవెన్ వెలిగించే వేళకి రావాలని, బల్ల దగ్గరే ఉండాలని చెప్పింది. పెట్టెలకు ఇంకెవరినైనా చూస్తానంది. పిన్నికి రుచి తెలియదన్న సంగతి మాత్రం ఈ గది దాటకూడదని బాబాయి వైపు గట్టిగా చూసింది.

బాబాయి మాట నిలబెట్టుకున్నాడు. దానికి బదులు, తన నాలుకను పరీక్షించడానికే పిన్ని ఆ వేళ్లలో ఉప్పు కుమ్మరించిందని చెప్పుకుంటున్నాడు. టీ కొట్టులో అందరూ నమ్మారు.

సోమవారం నుంచి పొద్దున్నే వెళుతున్నాను. పిన్ని నాకంటే ముందే వచ్చి ఉంటుంది. దీపం వేసి, ఏప్రన్ కట్టుకోకముందే చిటికెడు ఉప్పు తీసి నాలుక మీద వేసుకుంటుంది. కళ్లు మూసుకుని కాసేపు నిలబడుతుంది. తర్వాత డబ్బాకి మూత పెడుతుంది. రెండేళ్లుగా రోజూ ఇలాగే చూసుకుంటోందట.