కార్డు లేని కెమెరాలో తాళి

నమ్మనివాళ్లు ఎవరైనా ఉంటే ఇప్పుడే లేచి పోండప్పా. సగంలో "ఇదంతా కోతలే" అన్నారో, మిగతా సగం చెప్పను. పోయిన నెల తిరుచానూరు కల్యాణ మండపంలో నా ముప్ఫై ఏళ్ల పరువు గంగలో కలిసినంత పనయ్యింది. గుండె ఇప్పటికీ సరిగా కొట్టుకోవడంలా!

నా సంగతి మీకు తెలియందేముంది. ఈ చెంగల్రాయుడు స్టూడియో పెట్టి ముప్ఫై ఏళ్లు. నాలుగు వేల పెళ్లిళ్లు తీసినాను. సరే, మూడు వేలే అనుకోండి. ఒక్క తాళి తప్పలా! కరెంటు పోయినా, పందిరి కూలినా, పెళ్లికొడుకు కళ్లు తిరిగి పడినా, మూడు ముళ్లూ నా ఫిలింలో ఉండాల్సిందే. అందుకే నా స్నేహితుడు దొరస్వామి తన కూతురి పెళ్లికి వీడియో కూడా వద్దన్నాడు. "నువ్వుండగా వీడియో ఎందుకు రాయుడూ? తాళి ఫొటో ఒక్కటి చాలు నాకు. గోడంత పెద్దది చేయించి హాల్లో పెట్టుకుంటా" అన్నాడు.

ఈ మధ్య ల్యాబు వాళ్లకు ఫిలిం రోలు ఇస్తే చచ్చిన ఎలుకను చేతిలో పెట్టినట్టు చూస్తా ఉండారు. డిజిటల్ కొనక తప్పదు. చూస్తే రెండు కంపెనీలు. దీని లెన్సు దానికి పట్టదు, దాని కార్డు దీంట్లో దూరదు. ఏదో ఒకటి కొన్నామంటే జన్మంతా దాంతోనే కాపురం! తిరుపతి షాపాయన ఒక కెమెరా, చిత్తూరు షాపాయన ఇంకొక కెమెరా, "పెళ్లిలో వాడి చూడండి సార్" అని ఒక రోజుకు ఇచ్చినారు. తిరుపతిది కొత్త లెన్సుతో, ఫొటోలు దాచే కార్డుతో సహా వచ్చింది. చిత్తూరుదానికి నా పాత లెన్సులు నాలుగూ భేషుగ్గా పడతాయి. కార్డు మాత్రం స్టాకు లేదంట.

కార్డు లేని కెమెరా ఎందుకంటారా? ఈడే ఉండాది నా తెలివి! మా పనిలో ఒక రహస్యముంది, బయట చెప్పొద్దు. పెళ్లిలో ప్రతి బంధువూ "నన్నొకటి తియ్" అంటాడు. అందరికీ ఫిలిం ఖర్చు పెడితే పెళ్లికూతురికి ఏం మిగులుతుంది? అందుకని ఉత్త ఫ్లాష్ కొడతాం. మెరుపు మెరుస్తుంది, వాళ్లు నవ్వుతారు, రీలు కదలదు. ఆల్బంలో లేదేమని అడిగితే "మీరు కళ్లు మూసినారు" అంటే సరి. కాబట్టి తిరుపతి కెమెరా పెళ్లికి, చిత్తూరు కెమెరా ఉత్త ఫ్లాష్‌కి. చెరొక భుజానికీ ఒకటి తగిలించుకొని మండపంలోకి అడుగుపెడితే, పెళ్లికొడుకును వదిలేసి నన్నే చూసినారు జనం!

పొద్దున్నే పెళ్లికొడుకు మేనత్త వచ్చింది. రాజమ్మక్క, వడమాలపేట. నిండైన మనిషి.

"ఏమప్పా, నన్ను తియ్యవా?"

"నిన్ను తియ్యకుండానా అక్కా!"

చిత్తూరు కెమెరా ఎత్తి ఉత్త ఫ్లాష్ కొట్టినాను. అంతే! కెమెరా వెనక బుల్లి తెర మీద రాజమ్మక్క ప్రత్యక్షం! ముక్కుపుడక రాయి కూడా దీపంలా వెలిగిపోతా ఉండాది. రెండు క్షణాలు కనపడి ఆరిపోయింది. కార్డే లేదే! ఇంకొకరిని కొట్టినాను. వాళ్లూ తెర మీద పడినారు!

అప్పుడు నా బుర్ర పనిచేసింది. అది పనిచేసినప్పుడే ప్రమాదం. కార్డు లేకుండా బొమ్మ పడిందంటే దీనికి సొంత కడుపు ఉండాది! లోపలే దాచుకుంటుంది! పాపం, చిత్తూరు షాపాయనకే తెలియదు, నేను కనిపెట్టినాను! నా పాత లెన్సులూ పడతాయి, కార్డు ఖర్చూ లేదు!

"దొరస్వామీ, కొనాల్సిన కెమెరా దొరికిందిరా!" అని అరిచి డ్యూటీలు మార్చేసినాను. తాళికి చిత్తూరుది. బంధువులకు తిరుపతిది.

గట్టిమేళం మొదలైంది. కుర్చీ ఎక్కినాను. వంగినాను, లేచినాను, ఒంటికాలి మీద నిలబడినాను. ముడి ముడికీ తెర మీద బంగారం! సరిగ్గా అప్పుడే ఎవరో కుర్చీ ముందు నిలబడి నా పంచె లాగతా ఉండారు. రాజమ్మక్క!

"చీర మార్చుకొనొచ్చినా, ఇంకొకటి తియ్యప్పా."

"అక్కా, ఆడ తాళి కడతా ఉండారు!"

"వాళ్లు కట్టుకుంటార్లే, నువ్వు తియ్!"

ఎడంచేత్తో తిరుపతి కెమెరా ఎత్తి, చూడనైనా చూడకుండా ఆమె ముఖాన ఒకటి కొట్టి మళ్లీ తాళి మీద పడినాను.

తలంబ్రాలు అయినాక దొరస్వామి కళ్లు తుడుచుకుంటా వచ్చినాడు. "ఏదీ రాయుడూ, నా బిడ్డ తాళి చూపించు."

"జన్మలో చూసుండవు, చూడు!" అని మీట నొక్కినాను. తెర మీద ఇంగ్లీషులో రెండే మాటలు. నో కార్డ్. మళ్లీ నొక్కినాను. నో కార్డ్! ఊపినాను. చెవి దగ్గర పెట్టుకొని విన్నాను.

"ఏమైందిరా?"

"దీనికి కడుపు లేదురా! చూపించిందే కానీ ఒక్కటీ దాచుకోలా!"

దొరస్వామి అరవలా. అరిచినా బాగుండు. కుర్చీలో కూలబడి, "వీడియో పెట్టమని ఇంట్లో ఎంత మొత్తుకున్నారో" అన్నాడు, అంతే. నాకు మతిపోయింది. పురోహితుడి దగ్గరికి పోయి, "అయ్యవారూ, ఆ తాళి ఒక్క నిమిషం తీసి మళ్లీ..." మాట పూర్తి కాలా, ఆయన చేతిలో చెంబు లేచింది!

ఒకే పరుగున పోయి చేతులు కడిగే కొళాయిల వెనక దాక్కున్నాను. తిరుపతి కెమెరా తిప్పి చూసినాను. తెర నిండా రాజమ్మక్క. ఆమె ఎడమ చెవి పక్కన మాత్రం కొంచెం సందు. ఆ సందులో... వంచిన తల, పసుపుతాడు, మూడో ముడి!

పరుగెత్తి పోయి చూపిస్తే, దొరస్వామి తెరను కళ్ల దగ్గర పెట్టుకొని చూసినాడు. "ఉండాది రాయుడూ, తాళి ఉండాది. కంప్యూటర్లో ఈమెను తీసేయొచ్చు కదా?"

ల్యాబులో అడిగినాము. "తీసేయొచ్చు సార్. ఆమె గడ్డం వెనక పెళ్లికొడుకు ఒక చెయ్యి ఉంది. ఆమెను తీస్తే అదీ పోతుంది. ఒంటిచేత్తో కట్టినట్టుంటాడు."

ఇంకేం చేస్తాడు? దొరస్వామి అట్లాగే గోడంత వేయించినాడు. చూసినవాళ్లంతా "పెళ్లికూతురికి కాస్త వయసెక్కువే" అంటా ఉండారంట. నేను తిరుపతి కెమెరానే కొన్నాను. ముప్ఫై ఏళ్లు కళ్లు చించుకొని తీసినవాటికి రాని పేరు, చూడకుండా తీసినదానికి వచ్చింది! పెళ్లిళ్లకు పిలిచేవాళ్లు ఇప్పుడు "అట్లాంటిది మాత్రం వద్దు స్వామీ" అని చెప్పి మరీ పిలుస్తా ఉండారు.

ఇంకా నమ్మకం కుదరలేదా? వడమాలపేటలో బస్సు దిగి ఎవరినైనా అడగండి. ఆ ఫొటోకు కాపీ ఒకటి వేయించుకుపోయి ముందు గదిలో తగిలించుకుంది, దగ్గరుండి ఆ పెళ్లి చేసింది తానేనని వచ్చినవాళ్లందరికీ చెప్తా ఉండాది. పేరు రాజమ్మక్క.