అయిపోయినవన్నీ తుడిచేశాను

చదువు రాక మోసపోయినవాళ్ల కథలు మీరు చాలానే విని ఉంటారు. చదువొచ్చి, ఒక్క అక్షరం కూడా తప్పు చదవకుండా, మా అత్త గొంతును లోకంలో లేకుండా చేయబోయిన మనిషిని నేను. తీరిగ్గా కూర్చోండి, చెబుతాను.

నాకు అక్షరాలు యాభై దాటాక వచ్చాయి. నిజామాబాద్‌లో మా వాడ మహిళా సంఘం గదిలో మధ్యాహ్నాలు ఒక టీచరమ్మ మాకు పలకలు పట్టించి నేర్పింది. ఆమెకు ఒకటే పట్టింపు. రాసింది సరిగ్గా వస్తే తడిగుడ్డతో తుడిచేయాలి, రాకపోతే వచ్చేదాకా ఉంచాలి. "అయిపోయింది తుడువాలె, కానిది ఉంచాలె" అని రోజుకు పదిసార్లు అనేది. నా పలక ఎంత శుభ్రంగా ఉండేదంటే, నేను అసలు ఏమన్నా నేర్చుకుంటున్నానా అని పక్కావిడకు అనుమానం వచ్చేది.

ఇక అత్త సంగతి. మా అత్త ఎల్లవ్వ కోటగిరి చెరుకు తోటల్లోనే బతుకంతా గడిపింది. చెరుకు ఆకు తీసేటప్పుడు ఆమె పాట ఎత్తుకుంటే పక్క చేను కూలీలు కూడా వంత పాడేవాళ్లు. కొత్త కోడలిగా వెళ్లిన రోజుల్లో ఆకు కోసుకుని చేతులు మండుతుంటే నాకు ఆ పాట మీదే పొద్దు గడిచేది. ఆమె పోవడానికి కొన్ని నెలల ముందు మా కోడలు శ్రావణి కోటగిరి వెళ్లి, ఆమె ఎదురుగా స్టూలు మీద ఫోన్ నిలబెట్టి, తను వంటింట్లో పనిలో పడి, మూడు గంటల పాటలు వీడియో తీసింది. అత్త గొంతు మాకు మిగిలింది అందులోనే. నేను రెండో పాటకే కళ్లు నిండి ఆపేసేదాన్ని. చివరిదాకా ఎన్నడూ చూడలేదు. ఈ మాట కొంచెం గుర్తుపెట్టుకోండి.

అత్త సంవత్సరీకం దగ్గర పడింది. ఆ రోజు అందరం కూర్చుని చూడాలని, ఆ వీడియో అందరి ఇళ్లలో ఉండాలని శ్రావణి ఆశ. అంత పెద్ద ఫైలు ఫోన్‌లో పంపితే పోదట. "టొరెంట్ పెడదాం అత్తమ్మా" అంది. నాకు అర్థమైనంత వరకు టొరెంట్ అంటే ఇది: ఫైలును వందల ముక్కలు చేస్తారు. ఎవరి దగ్గర ఏ ముక్క ఉంటే అది పక్కవాళ్లకు ఇస్తూ, లేనిది వాళ్ల దగ్గర తెచ్చుకుంటూ ఉంటారు. కరెంటు పోయినా ఆగిన చోటు నుంచే మళ్లీ నడుస్తుంది. వాడకట్టు ఆడవాళ్లు ఉల్లిగడ్డలు, మిరపకాయలు ఒకరికొకరు ఇచ్చుకున్నట్టే, కాకపోతే ఇందులో ఎంత ఇచ్చినా మన గిన్నె ఖాళీ కాదు.

మెట్ల కింద పాత కంప్యూటర్ పెట్టాం. నేల చెమ్మ తగలకుండా దాన్ని అత్త విసుర్రాయి మీద నిలబెట్టాం. ఆ విసుర్రాయికీ ఒక కథ ఉంది. అత్త దినాల నాడు "నాకే ఇస్తనన్నది" అని పదిమందిలో చెప్పి, ఆటోలో వేయించుకుని తెచ్చేసుకున్నాను. నిజానికి అత్త అననే లేదు. ఒకసారి నేను అడిగితే తల ఊపింది, అంతే. ఆ తల ఎటు ఊపిందో నేను పెద్దగా పట్టించుకోలేదు. కోటగిరిలో ఉండే నా తోటికోడలు గంగమణి ఆ రోజు నుంచి నాతో మాట మానేసింది. నేనూ మానేశాను.

మాటలు లేనిది మా ఇద్దరికే. శ్రావణి కోటగిరిలో గంగమణి ఇంటికీ, రుద్రూర్‌లో మా ఆడబిడ్డ ఇంటికీ వెళ్లి వాళ్ల కంప్యూటర్లలో కూడా టొరెంట్ పెట్టి వచ్చింది. మా కంప్యూటర్ కోసం నడుం వంచి మెట్ల కింద దూరకుండా ఒక వెబ్ పేజీ తయారుచేసింది. అది బయటివాళ్ల దగ్గర కాదు, మన ఇంట్లో, మన కంప్యూటర్‌లోనే ఉంటుంది. ఫోన్‌లో తెరిచి పాస్‌వర్డ్ కొడితే జాబితా కనిపిస్తుంది. నేను చదువుకోవాలని బటన్లన్నీ తెలుగులో పెట్టింది: ఆపు, నడుపు, తీసివేయి. "ఇగ దీనికి నువ్వే పెద్దమనిషివి అత్తమ్మా" అంది. వేలిముద్రలు వేసి వేసి అరిగిన వేలితో పాస్‌వర్డ్ కొట్టాను చూడండి, సర్పంచ్‌గా గెలిచినామె కూడా అంత విర్రవీగి ఉండదు.

నాలుగో రోజు మధ్యాహ్నం శ్రావణి ఆఫీసులో ఉండగా పేజీ తెరిచాను. అత్త పాటలు, పెళ్లి వీడియో, బతుకమ్మ ఫొటోలు. మూడింటి పక్కనా పచ్చ గీత, దాని మీద "పూర్తయింది" అని ఉంది. నా చెయ్యి దురద పెట్టింది. తీసివేయి నొక్కాను. "ఫైళ్లతో సహా తీసివేయాలా?" అని అడిగింది. సగం తుడిచి మరక ఉంచితే మా టీచరమ్మ ఒప్పుకునేది కాదు. అవును అన్నాను. "మళ్లీ తిరిగి రావు. ఖాయమేనా?" అని ఇంకోసారి అడిగింది. ఎంత మర్యాద తెలిసిన యంత్రమో అని మురిసిపోయి, ఖాయమే అన్నాను. జాబితా నా పలకలాగే తళతళలాడింది. చాయ్ పెట్టుకుని తాగాను.

సాయంత్రం శ్రావణి వచ్చి ఫోన్‌లో ఆ పేజీ తెరిచింది.

"అత్తమ్మా, ఏం నొక్కినవ్?"

"అయిపోయినయన్నీ తుడిచిన."

"ఎందుకు?"

"అయిపోయినంక తుడువాలె గద."

ఆ పిల్ల నన్ను మెట్ల మీద పక్కన కూర్చోబెట్టుకుంది. పూర్తయింది అంటే మన దగ్గర మొత్తం ఉందని, ఇక మిగతావాళ్లకు ఇస్తోందని, ఆ ఇచ్చేదాన్నే నేను తుడిచానని మెల్లగా చెప్పింది. పెళ్లి వీడియో, బతుకమ్మ ఫొటోలు వేరేచోట ఉన్నాయి. అత్త పాటలు లేవు. కంప్యూటర్‌లో ఎక్కించాక, ఫోన్ నిండిందని అందులోవి తీసేసింది.

శ్రావణి ఆ టొరెంట్‌ను మళ్లీ ఎక్కించింది. రుద్రూర్ నుంచి ముక్కలు రావడం మొదలైంది. నలభై శాతం, డెబ్భై, తొంభై. తొంభై ఏడు దగ్గర బండి ఆగిపోయింది. ఆడబిడ్డ దగ్గర ఉన్నదే అంత. నేను తుడిచేసరికి ఆమెకు అంతవరకే చేరిందట.

"మొత్తం ఉన్నది ఒక్క కోటగిరి చిన్నత్తమ్మ దగ్గర్నే. ఆమె కంప్యూటర్ బంద్ ఉన్నది" అంది శ్రావణి. "నేను ఫోన్ చెయ్యనా?"

తుడిచింది నేను. నేనే ఫోన్ చేశాను.

"గంగమణీ, మంచిగున్నవా?"

"ఎవరూ?" అంది. ఏడాదిలో నా గొంతు మరిచిపోయే మనిషి కాదు.

"నేనే. మీ కంప్యూటర్ బంద్ ఉన్నదట, జర చాలు చెయ్యవా. అత్త పాటలు నేను తుడిచిన."

"తుడిచినవా? మొత్తం సూసినంక తుడిచినవా అక్కా, సూడకనా?"

"ఎన్నడు సూడలే. ఏడుపొస్తది."

"నాకూ వస్తది" అంది. గొంతు కొంచెం మెత్తబడింది. "ఏస్తున్న. సంవత్సరీకం నాడు అందరం కూసోని ఆఖరుదాంక సూద్దాం."

రాత్రి వంట అయ్యేలోపు మిగిలిన మూడు శాతం కోటగిరి నుంచి వచ్చేసింది. వదులుకున్న తోటికోడలు కూడా దాంతో తిరిగి వచ్చిందని సంబరపడ్డాను. అక్కడే నేను మోసపోయాను.

సంవత్సరీకం నాడు మా ఇల్లు నిండా చుట్టాలు. టీవీలో అత్త పాడుతుంటే అందరూ ముక్కులు తుడుచుకుంటున్నారు. చివరి పాటకు ముందు అత్త నీళ్లు తాగి, పక్కన చిక్కుడుకాయలు తుంచుతున్న గంగమణి వైపు తిరిగింది.

"గంగమణీ, నా ఇసుర్రాయి నువ్వు తీస్కో. పెద్దదానికి మిక్సీ ఉన్నది. అది ఇసురదు."

ఇల్లంతా నా వైపు తిరిగింది.

"గందుకేనా వదినా తుడిచింది?" అంది ఆడబిడ్డ.

పలక సంగతి చెప్పాను. తడిగుడ్డ సంగతి చెప్పాను. టీచరమ్మను పిలిపిస్తానన్నాను. ఒక్కరూ నమ్మలేదు. అందరికంటే ఎక్కువ నవ్వింది గంగమణే. టీవీలో అత్త చివరి పాట ఎత్తుకుంది. చెరుకు తోటలో లాగే మేమిద్దరం తెలియకుండానే వంత పాడాం. పాట అయిపోయాక విసుర్రాయిని చెరోవైపు పట్టుకుని ఆటో ఎక్కించాం.

కాబట్టి అందరి ఎదుటా ప్రతిజ్ఞ చేస్తున్నాను. పూర్తయింది అని రాసి ఉన్న దేన్నీ ఈ జన్మలో ముట్టుకోను. అన్నం తిన్న కంచమైనా సరే, ఇంకొకరిని అడిగే ఎత్తుతాను. విసుర్రాయి మీద చెయ్యి వేసి ఒట్టు పెడదామంటే, అదిప్పుడు కోటగిరిలో ఉంది.