కాయని ఏడు దీనమ్మత్త చెప్పిన సాక్ష్యం

ఈ పొద్దున గేటు తీయగానే తుమ్ములు పట్టుకున్నాయి. వీధి చివరి కల్లంలో ఎవరో ఎండుమిర్చి తిరగేస్తున్నారు, గాలి ఇటే కొడుతోంది. ఏడుసార్లు తుమ్మి, కొంగుతో ముక్కు తుడుచుకుని అక్కడే నిలబడిపోయాను. మిరప తోటలో నేను తుమ్మినప్పుడల్లా పక్క సాలులోంచి "స్తోత్రం" అనే గొంతు ఒకటి వినపడేది. ఏడు తుమ్ములకు ఏడు స్తోత్రాలు, ఒక్కటీ ఎగ్గొట్టేది కాదు. అది దీనమ్మత్త గొంతు. ఆమె పోయి మూడేళ్ళు దాటింది.

దీనమ్మత్త నాకు చుట్టం కాదు. ఏన్కూరు నుంచి చండ్రుగొండ వైపు పోయే దారిలో, అడవి మొదలయ్యే చోట ఉంటుంది మా ఊరు. అక్కడ చిన్నాపెద్దా అందరూ ఆమెను అత్తా అనే పిలిచేవారు. పొట్టి మనిషి. చీర మీద మగవాళ్ళ పొడుగు చేతుల చొక్కా, తలకు తువ్వాలు. మిరపకాయలు ఏరే ఇరవై మంది ఆడవాళ్ళ ముఠాకు ఆమే పెద్ద. ఆదివారం మాత్రం తెల్లచీర కట్టుకుని అందరికంటే ముందు మందిరానికి వెళ్ళి చాపలు పరిచేది. పాటలు రాగం తప్పి పాడేది, ప్రార్థన గొడవపడ్డట్టు చేసేది. నేను పెళ్ళై వచ్చిన కొత్తలో ఆమె ప్రార్థన విని, లోపల ఎవరితోనో జగడం అవుతోందనుకున్నాను. ఆ మాటే ఆమెతో అంటే నవ్వింది. "జగడమే బిడ్డా. అలిగి పోయేటోళ్ళకంటె కొట్లాడేటోళ్ళు నయం గద" అంది. నేను అలిగి పోదామనుకున్న ఏడు ఒకటి వచ్చింది. ఆమె గురించి రాయాలంటే ఆ ఏడు గురించే రాయాలి.

ఆ ఏడు మేము రెండెకరాలు కౌలుకు పట్టి మిరప వేశాం. విత్తనం శామ్యూలు షాపులో కొన్నాం. శామ్యూలు మా సంఘంవాడే, మందిరంలో ముందు వరుసలో కూర్చునే మనిషి. అట్లాంటివాడు మోసం చేస్తాడని ఎవరనుకుంటారు? మొక్కలు ఏపుగా నడుము దాకా పెరిగాయి. చూసినవాళ్ళు దిష్టి తగులుతుంది జాగ్రత్త అన్నారు. పూత వచ్చింది, రాలింది. మళ్ళీ వచ్చింది, మళ్ళీ రాలింది. కాయ మాత్రం లేదు. అక్కడ విత్తనం కొన్న అందరిదీ అదే కథ, దీనమ్మత్త అర ఎకరంతో సహా. ఆఫీసర్లు వచ్చారు, ఫోటోలు తీసుకున్నారు, పోయారు. అడుగుదామని షాపుకు వెళ్తే శామ్యూలు చేతులు కట్టుకుని, "మంచు ఎక్కువ పడ్డది చెల్లె, నేనేం జేస్త? దేవుని చిత్తం" అన్నాడు. నకిలీ విత్తనం అమ్మింది తాను, చిత్తం మాత్రం దేవుడిదట! ఇంటికొచ్చి గిన్నెల మీద చూపించాను ఆ కోపమంతా.

మా మందిరంలో పాస్టరుగారు వాక్యం చెప్పకముందు సాక్ష్యాల సమయం ఉంటుంది. దేవుడు తనకు చేసిన మేలును ఎవరైనా లేచి మైకులో చెప్పవచ్చు. ఆ చలికాలమంతా ప్రతి ఆదివారం శామ్యూలే లేచేవాడు. "ప్రభువు నా ఇంటి మీద ఇంకో అంతస్తు లేపిండు. నా బిడ్డకు మెడికల్ సీటు ఇచ్చిండు. స్తోత్రం!" అనేవాడు. అందరూ ఆమేన్ అనేవారు. నాకు కళ్ళు కుట్టేవి. దాచుకునేదేముంది, కుళ్ళుతో చచ్చేదాన్ని. కళ్ళు మూసుకుని ప్రార్థన చేయాల్సిన వేళ అతని భార్య చీర అంచు ఎంత వెడల్పుందో కొలుచుకునేదాన్ని. మా పాపకు ట్యూషన్ మాన్పించిన నెల అది. ఒక్క మాట నిజంగా చెప్పాలి. వాడికి మేడ వచ్చిందని కాదు నా ఏడుపు. నేను మొక్కే దేవుడి పేరు చెప్పి దాన్ని తనదనుకుంటున్నాడే, అదీ నా కడుపుమంట. నాకు మూసుకున్న చెవి వాడికి ఎట్లా తెరుచుకుంది? నాలుగు ఆదివారాలు మందిరానికి పోలేదు. ఇక జన్మలో ఆ గడప తొక్కనని మా ఆయనకు చెప్పేశాను.

మందిరానికి ఎందుకు రావడం లేదని దీనమ్మత్త నన్ను అడగలేదు. సోమవారం పొద్దున ట్రాలీ ఆటో మా ఇంటి ముందు ఆపించి, "చొక్కా ఏసుకో, కాయ ఏరను పోదాం. ఇంట్ల కూసుంటె గోడలు మింగుతయి" అంది. అట్లా ముఠాలో చేరాను. మూడో వారం అనుకుంటా, మబ్బులు కమ్మాయి. పండిన కాయ తడిస్తే నల్లబడుతుంది, అందుకని ఊళ్ళో కూలీలకు ఎక్కడలేని గిరాకీ. ఆటో ఎక్కాక చెప్పింది, ఆ రోజు శామ్యూలు తోటకని.

"నేను రాను" అని దిగబోయాను. "తెలిసే తీస్కపోతున్నవా అత్తా? వాని తోటకా?"

"కాయ పండితె ఏరాలె. ఇరవై ఇండ్లకు కూలి గావాలె. నీకు కోపమొచ్చిందని వాళ్ళు పస్తులుండాల్నా?" అంది. ఆటోలో అందరూ నన్నే చూస్తున్నారు. కూర్చున్నాను.

తోట చూశాక నా కాళ్ళు ఆగిపోయాయి. చెట్టు చెట్టుకూ గుత్తులే, ఆకు కనపడనంత ఎరుపు. నాలుగో సాలు చివర, నీళ్ళ తొట్టి పక్కన కంపలో ఖాళీ విత్తనాల ప్యాకెట్లు చిక్కుకుని ఉన్నాయి. ఒకటి లాగి చూశాను. మాకు అమ్మిన రకం కాదు. మాకు ఇచ్చినవి పచ్చరంగువి, ఇవి నీలం. అంటే ఏది మంచి విత్తనమో వాడికి తెలుసు. తెలిసి, మంచిది తన తోటకు పెట్టుకుని మాకు ఆ పచ్చ ప్యాకెట్లు అంటగట్టాడు. ఇక నాకు ఒళ్ళు తెలియలేదు. పచ్చికాయ, పండుకాయ చూడకుండా దూసేశాను. కొమ్మలు ఫట్‌ఫట్‌మని విరిచాను. సగం సాలు పాడుచేశాక నా మణికట్టు ఎవరో గట్టిగా పట్టుకున్నారు.

"చెట్టేం జేసింది నీకు?" అంది దీనమ్మత్త.

ప్యాకెట్టు ఆమె ముఖాన పెట్టాను. తిడుతుందనుకున్నాను. ఆమె గట్టు మీద కూలబడి, తువ్వాలుతో ముఖం తుడుచుకుంది. "నీకంటె ముందే చూసిన" అంది. తన సాలు వైపు వేలు చూపించింది. అక్కడ రెండు కొమ్మలు విరిగి వేలాడుతున్నాయి. "గవి నేనే ఇరిచిన. ఎవరన్న చూసిన్రేమోనని ఎనకకు తిరిగి చూసుకున్న. గప్పుడు సిగ్గయింది."

"నీకూ కుళ్ళేనా అత్తా?"

"కుళ్ళు లేకేంది? నేనేమన్న రాయినా?"

"మరి వాడు మైకు పట్టుకుని స్తోత్రం అంటుంటె ఎట్ల కూసుంటవ్?"

"మండుకుంటనే కూసుంట." నా వైపు చూడకుండా అంది. "ఈ ఆదివారం ఒక్కసారి రా. తర్వాత నీ ఇష్టం. నాకు తోడు గావాలె." ఆమె ఎవరినైనా తోడు అడగడం నేనెప్పుడూ వినలేదు. మిగతా సాలు ఇద్దరం కలిసి ఏరాం. విరిచిన కొమ్మల సంగతి సాయంత్రం ఆమే శామ్యూలు మేస్త్రీకి చెప్పి తిట్లు తిన్నది.

ఆదివారం వెళ్ళాను. శామ్యూలు లేచాడు, తోట బాగా కాసిందని సాక్ష్యం చెప్పాడు, అందరూ ఆమేన్ అన్నారు. అతను మైకు కింద పెట్టకముందే దీనమ్మత్త వెళ్ళి చేయి చాపింది. ఆమెకు మైకు అలవాటు లేదు. ముఠాను కేకేసినట్టే మాట్లాడింది.

"అందరికి వందనాలు. నాకు ఈ ఏడు ఏం రాలే. అర ఎకరం ఏసిన, చెట్టు పెరిగింది, కాయ లే. ఇత్తనం శామ్యూలు షాపుల కొన్న. శామ్యూలు తోట మాత్రం మంచిగ కాసింది, నిజమే, నేనే ఏరొచ్చిన. ఏరుతుంటె కడుపు మండింది. రెండు కొమ్మలు ఇరిచిన, అది నా తప్పు. ఇప్పుడు గూడ మండుతున్నది. ప్రభువు ఎందుకు ఊకున్నడో నాకు ఎరుక లేదు. రోజు అడుగుతున్న, చెప్తలేడు. అయినా ఈడికి రాకుంట నేను ఎక్కడికి పోవాలె? గందుకే వచ్చిన. గదే నా సాక్ష్యం."

ఒక్కరూ ఆమేన్ అనలేదు. శామ్యూలు వాచీ సరిచేసుకుంటున్నాడు. పాస్టరుగారు పుస్తకంలో ఏదో వెతుకుతున్నారు. దీనమ్మత్త మైకు పట్టుకుని అట్లాగే నిలబడింది. ఆడవాళ్ళ వైపు నుంచి "ఆమేన్!" అని గట్టిగా వినపడింది. ఎవరా అని చూడబోయి, అది నా గొంతేనని గ్రహించాను. వెనక మరో ఇద్దరు అన్నారు. మరుసటి వారం నుంచి సాక్ష్యం చెప్పేవాళ్ళు ముందుగా కమిటీకి పేరివ్వాలని రూలు వచ్చింది. దీనమ్మత్త పేరు ఎన్నిసార్లిచ్చినా పిలవలేదు. శామ్యూలుకు ఏమీ కాలేదు. షాపు రెట్టింపు అయింది, కమిటీకి అధ్యక్షుడూ అయ్యాడు. కానీ ఆ రోజు నుంచి నేను మందిరం మానలేదు. కుళ్ళు పోయిందని కాదు, కుళ్ళుతో కూడా రావచ్చని ఆమెను చూసి తెలిసింది.

చివరి ఏడు ఆమెకు ఊపిరి ఆడక, ఖమ్మం దవాఖానాలో పది రోజులుంచి ఇంటికి తీసుకొచ్చాం. ఆమె మంచం పక్కన బత్తాయి రసం తీస్తుంటే ఒక మధ్యాహ్నం శామ్యూలు పళ్ళ సంచీతో వచ్చాడు. మోకాళ్ళ నొప్పులట, కుర్చీలో కూర్చోవడానికే తిప్పలు పడ్డాడు. "ఏమన్న తప్పుంటె మనసుల పెట్టుకోకు అత్తా" అన్నాడు.

"ఏమన్న ఏంది? ఇత్తనం" అంది ఆమె.

శామ్యూలు తలవంచుకున్నాడు. "ప్రార్థన చెయ్ అత్తా" అన్నాడు. ఆమె అతని తల మీద చేయి పెట్టింది. ఎంతసేపు చేసిందో! అతని మోకాళ్ళ కోసం, పిల్లల కోసం, షాపులో మంచి విత్తనమే అమ్మే బుద్ధి కోసం. ఊపిరి అందక ఆగుతోంది, మళ్ళీ అందుకుంటోంది. చివర్లో నా పేరెత్తి, "కరుణను గూడ చూడు ప్రభువా, ఆమేన్" అని ముగించింది. నాకు ఒళ్ళు మండిపోయింది. రాత్రీపగలూ చాకిరీ చేసేదాన్ని నేను, నాకు ఒక్క ముక్క! వాడికేమో ఇంత ప్రార్థనా? శామ్యూలు గడప దాటగానే గ్లాసు ఠక్కున పెట్టి అడిగేశాను.

దీనమ్మత్త నవ్వబోయి దగ్గింది. "నీ కోసం రోజు అడుగుత. నీ పేరు ఎత్తితె చాలు, మిగతాది ఆయనకు ఎరుకే. వాని మీద ఇన్నేండ్లు ఫిర్యాదే చేసిన. వాని కోసం అడుగుడు ఇదే మొదటిసారి. అలవాటు లేక గంత సేపు పట్టింది" అంది. తర్వాత రసం మొత్తం తాగి, పంచదార తక్కువైందని నన్నే తిట్టింది. రెండు వారాలకు పోయింది.

శామ్యూలు పోయిన ఏడు కొత్త కారు కొన్నాడు. వెనక అద్దం మీద దేవుడిచ్చిన బహుమానం అని రాయించాడు. అది మా సందులోంచి పోయిన ప్రతిసారీ చేస్తున్న పని ఆపి ఆ రాత చదువుతాను. పొద్దున ప్రార్థనలో శామ్యూలు అని పేరు వరకు వస్తాను, కారు గుర్తొచ్చి నోరు మూతపడుతుంది. నెలల తరబడి ఇదే తంతు. నిన్న మాత్రం ఒక మాట ముందుకు పోయింది. "శామ్యూలు మోకాళ్ళ నొప్పి తగ్గించు ప్రభువా" అన్నాను. కారు గురించి ఏమీ అనలేదు. అది ఇంకా నా వల్ల కాదు.