బాలింత గదికి రెండు టన్నుల ఏసీ

1996 వేసవి. ఆత్మకూరు బస్టాండు పక్క సందులో నాకు ఫ్రిజ్‌లు, ఏసీలు బాగుచేసే షాపు ఉండేది. ఏసీలన్నది బోర్డు మీద మాటే, పనంతా కూల్‌డ్రింకు కొట్ల ఫ్రిజ్‌లతోనే. ఆత్మకూరు, ఉదయగిరి వైపు ఇంట్లో ఏసీ పెట్టించుకున్నవాళ్లు అప్పట్లో బహు అరుదు. ఆ ఉన్న కొద్దిమందిలో ఎవరికి జలుబు చేసినా "ఏంది దానియేలూ, నీ మిషన్ ఇట్టా చేసింది" అని నన్నే తగులుకునేవాళ్లు. నాకేమో ముక్కు మీద కోపం. మిషన్‌ని ఉత్తపుణ్యానికి తిడితే నన్ను తిట్టినట్టే ఉండేది.

ఆ మే నెలలో ఉదయగిరి నుంచి రంగయ్యశెట్టి గారు ఫోన్ చేశారు. ఆయనది వేరుశెనగకాయల హోల్‌సేల్ వ్యాపారం. కూతురు పద్మ తొలికాన్పుకు పుట్టింటికి వచ్చి ఆడపిల్లను కన్నది. ఉదయగిరి కొండ కింద ఊరు కదా, పగలంతా ఎండకు కాగిన రాళ్లు పొద్దుగూకినా సెగ కక్కుతూనే ఉంటాయి. అందుకని కాన్పుకు కాస్త ముందే ఆయన ఆ గదికి ఒకటిన్నర టన్నుల విండో ఏసీ, అంటే కిటికీలో బిగించే రకం, నా చేతనే పెట్టించారు.

"దానియేలూ, నీ మిషన్ రొద తప్ప చలి లేదయ్యా. బిడ్డ వొళ్లంతా చెమటకాయలు. నిద్రపోకుండా ఒకటే ఏడుస్తా ఉండాది. దాన్ని పీకేసి రెండు టన్నులది పెట్టు," అన్నారు.

"శెట్టిగారూ, టన్నంటే కాయల బరువు కాదు. టన్ను మంచుగడ్డ ఒక రోజంతా కరిగితే ఎంత చలవ ఇస్తుందో, అంత. మీ గదికి ఒకటిన్నరే ఎక్కువ."

"ఎక్కువైతే ఆ చలి ఏదయ్యా మరి? యాడికి పోయింది?"

ఇది ఫోన్‌లో తేలే సంగతి కాదు. సామాన్ల సంచీ భుజాన వేసుకుని ఉదయగిరి బస్సెక్కాను.

గది గడపలో శెట్టిగారి తల్లి కూర్చుని ఆకూవక్కా నములుతోంది. ఊరంతటికీ ఆమె అవ్వే. నన్ను ఎగాదిగా చూసి, "చూడు నాయనా, బాగా చూడు. పనికిరాదంటే మొగమాటం లేకుండా ఎత్తుకొనిపో," అంది. నాకు చుర్రుమంది. లోపల పద్మ చెవుల్లో దూది పెట్టుకుని, తలకు గుడ్డ కట్టుకుని, చెమటలు కక్కుతూ కూర్చుని ఉంది. పసిబిడ్డ మెడ మడతల్లో, వీపు మీద ఎర్రగా పేలిపోయి ఉంది. ఆ బిడ్డను చూశాక కోపం మరిచిపోయి పనిలో పడ్డాను.

ఫిల్టర్ తీశాను. ఫిల్టర్ అంటే గదిలో గాలి లోపలికి పోయేటప్పుడు దుమ్మును పట్టుకునే వల. నల్లగా ఉంటే కడిగాను. వెనకవైపు కండెన్సర్, అంటే గదిలోని వేడిని బయటికి వదిలే చుట్టలు, శుభ్రం చేశాను. స్టెబిలైజర్‌లో వోల్టేజి చూశాను. అన్నీ సవ్యంగా ఉన్నాయి. మిషన్ నుంచి గాలి జిల్లుమని వస్తోంది. నేనున్నంతసేపూ గది చల్లబడుతూనే వచ్చింది. పద్మ కూడా, "హాయిగా ఉండాదన్నా," అంది. మిద్దె మీద సున్నం కొట్టిస్తే ఎండ లోపలికి తక్కువ దిగుతుందని శెట్టిగారికి చెప్పి, గెలిచినట్టు బస్సెక్కాను. ఆత్మకూరు చేరి షాపు తలుపు తీస్తుండగానే ఫోన్ మోగింది.

"మళ్లీ మామూలే దానియేలూ. నువ్వున్నంతసేపే దానికి బయం మాదిరుండాది."

వారం తిరిగేసరికి శెట్టిగారు మిద్దెకు సున్నం కొట్టించారు. అయినా గది ఉడుకుతూనే ఉంది, బిడ్డ ఏడుస్తూనే ఉంది. "ఈసారి కుదరకపోతే రెండు టన్నులది తెచ్చేసెయ్, ఇంక నాకు చెప్పబాక," అన్నారు. నాకు పంతం వచ్చింది. మంచి మిషన్‌ని పీకి పెద్దది పెడితే కరెంటు ఎక్కువ తాగుతుంది, ఆ ఊరి వోల్టేజికి సరిగా నడవనే నడవదు. చల్లగాలి ఎటో పోతోందని తేల్చుకున్నాను. తలుపు కింద సందుకు రబ్బరు పట్టీ, పైన వెంటిలేటర్‌కు ప్లైవుడ్ ముక్క తయారుచేసుకుని వెళ్లాను. గదిని బిర్రుగా మూసేస్తే చలి ఎక్కడికి పోతుందో చూద్దామని.

ముందు ఫిల్టర్ తీశాను. వారం కిందట నా చేతులతో కడిగిన వల మళ్లీ నల్లబడింది. వేలితో రాస్తే వీధి దుమ్ములా పొడిగా లేదు, జిడ్డుగా అంటుకుంది. వాసన చూస్తే వాము, సాంబ్రాణి. పురిటి ఇంట్లో ఆ వాసన మామూలే కనుక పట్టించుకోలేదు. ప్లైవుడ్ ముక్క, సుత్తి తీసుకుని స్టూలెక్కాను. వెంటిలేటర్ ఊచలు, దాని పైన గోడ, కట్టెల పొయ్యి గూడులాగా మసిబారి ఉన్నాయి.

స్టూలు మీద నుంచే అడిగాను: "ఈ గదిలో నిప్పు ఎవరు పెడతా ఉండారు?"

శెట్టిగారు బిత్తరపోయారు. "నిప్పేంది?" బాలింత గదిలోకి ఆయన వచ్చేదే తక్కువ, పొద్దస్తమానం కొట్లోనే.

"ఎవురూ పెట్టలా," అంది అవ్వ, గోడకేసి చూస్తూ.

పద్మకు నవ్వు ఆగలేదు. "చెప్పేసెయ్ అవ్వా. నేను ఉడికిపోతా ఉండా."

అప్పుడు బయటపడింది సంగతి. మంచం కింద కుంపటి. బాలింతకు చలి తగలకూడదని నిప్పుల మీద వాము, సాంబ్రాణి వేసి పెట్టడం ఆ ఇంటి ఆచారం. నేను వస్తున్నానంటే చాలు, కుంపటి పెరట్లోకి పోయేది. నేను గడప దాటగానే మంచం కిందికి వచ్చేది.

"ఒకటి కాదన్నా, రెండు," అంది పద్మ.

"రెండెందుకవ్వా?"

"నువ్వు చలిమిషన్ పెట్టినావు గదా నాయనా," అంది అవ్వ, ఇంత చిన్న విషయం తెలియదా అన్నట్టు. "చలి ఎక్కువైంది. ఒక కుంపటి యాడ చాలుతుంది?"

శెట్టిగారు పొట్ట పట్టుకుని నవ్వారు. నేనూ నవ్వాను. రెండు టన్నులది పెట్టి ఉంటే మూడో కుంపటి వచ్చేదన్న మాట. అంతలో నా చేతిలో ఉన్న ప్లైవుడ్ ముక్క మీదికి చూపు పోయింది. నవ్వు ఆపి స్టూలు దిగాను.

"అవ్వా, నీకేమన్నా తెలస్తా ఉండాదా?" అని అరిచేశాను. మీరు అనాల్సిన మనిషిని నువ్వు అన్నానని కూడా తోచలేదు. "నేను ఈ బెజ్జం మూసి, తలుపు సందు మూసి పోయుంటే? మూసిన గదిలో బొగ్గులు కాలితే విషగాలి పుడతాది. దానికి వాసన ఉండదు, దగ్గు రాదు. పడుకున్నోళ్లు పడుకున్నట్టే పోతారు."

"ఏసీ బయటిగాలి తెస్తాది గదా?" అన్నారు శెట్టిగారు, రంగు మారిన ముఖంతో.

"తేదు శెట్టిగారూ. గదిలో గాలినే లోపలికి పీల్చి, చల్లబరిచి, మళ్లీ గదిలోకే వదులుతాది. ఇన్నాళ్లూ వీళ్లను కాపాడింది నేను మూయబోయిన ఈ బెజ్జమే."

అవ్వ మెల్లగా వచ్చి బిడ్డ రెండు పాదాలూ గుప్పిట్లో పట్టుకుంది. "నా చేతులతో నేనే..." అంది. కళ్లు తుడుచుకుని, తనే గడప దాకా వచ్చి పెరట్లో కుంపట్లు దాచిన చోటు చూపించింది. నా కోపం ఎటు పోయిందో తెలియదు.

"మరి చలిగాలి తగిలితే ఏం చేసేది నాయనా? పద్మ చెవుల్లో గాలి దూరితే?" అని అడిగింది అవ్వ.

అడగాల్సిన మాటే. చూస్తే మిషన్ గాలి సూటిగా మంచం మీదే పడుతోంది. ఆమె భయానికి అర్థం ఉంది, మందే తప్పు. మంచాన్ని అవతలి గోడ వైపు జరిపించాను. గాలి వచ్చే రెక్కలను పైకి తిప్పాను. థర్మోస్టాట్, అంటే చలి చాలనగానే కంప్రెసర్ మోటారుని ఆపే బొత్తాం, సగానికి పెట్టి అవ్వను దగ్గరికి పిలిచాను.

"అవ్వా, ఇది మీ చేతిలోది. బిడ్డ వీపు మీద చెయ్యి పెట్టి చూడండి. చల్లగా ఉంటే ఇటు తిప్పండి, చెమట పడితే అటు. ఇంకెవరూ ముట్టుకోకూడదు." సాంబ్రాణి వేసేది పెరట్లో, ఆరుబయటేనని ఒప్పుకుంది. "ఇంక ఆ సందులు మూసెయ్," అంది తనే. మూశాను.

అందరం గదిలోనే కూర్చున్నాం. కాసేపటికి టక్కుమని చప్పుడు వచ్చి మిషన్ రొద తగ్గిపోయింది. అవ్వ ఉలిక్కిపడింది. "చెడిపోయిందా?"

"లేదవ్వా. గది చల్లబడింది, కంప్రెసర్ ఆగింది. బిడ్డ పుట్టినకాడ్నించి అది ఆగడం ఇదే మొదలు."

ఆ నిశ్శబ్దంలో బిడ్డ ఊపిరి వినిపించింది. నిద్రపోతోంది. పద్మ కూడా గోడకు ఆనుకుని అట్లాగే నిద్రపోయింది. శెట్టిగారు సంతోషం పట్టలేక ఏదో అనబోతే అవ్వ గుడ్లురిమింది. అందరం పిల్లుల్లా బయటికి వచ్చాం. ఒక కొత్త ఏసీ గిరాకీ పోగొట్టుకున్నా, ఆ రోజు వచ్చినంత సంబరంగా నేను ఏనాడూ ఇంటికి రాలేదు.

నెల తరువాత శెట్టిగారు ఫోన్ చేశారు. బిడ్డ చెమటకాయలు మాని నున్నగా అయ్యిందట. మధ్యాహ్నం కాసేపు ఆ గదిలో నడుం వాల్చుదామని వెళ్లి ఆయన బొత్తాం ముట్టుకుంటే, అవ్వ చేతి మీద ఒక్కటేసిందట.

ఆ తరువాత చాలా ఏళ్లు ఈ పనిలో ఉన్నాను. ఏ ఇంటికి పిలిచినా నేరుగా మిషన్ దగ్గరికి పోవడం మానేశాను. ముందు ఆ గదిలో ఎవరు పడుకుంటారో అడుగుతాను. తరువాత ఇంట్లో పెద్దావిడ ఎక్కడుందో కనుక్కుని ఆమె పక్కన కూర్చుంటాను. ఒకటిన్నర టన్నుల మిషన్‌కు రెండు కుంపట్లతో సరిసమానంగా నిలబడింది ఒక అవ్వ ప్రేమ. దాన్ని ఓడించే మిషన్ ఇంకా ఎవరూ చెయ్యలేదు, ఆమెను మన పక్కకు తెచ్చుకోవడమే పని.